పదమూడు సెకన్లు

వేసవి వచ్చిందంటే క్లోడెట్ తిబోడో బల్ల మీద జిడ్డు చుక్కలు పడేవి. పై అంతస్తు చెక్కల్లో అరవై ఏళ్ళపాటు ఇంకిన ఉన్ని నూనె అది. మిల్లు మూతపడి పాతికేళ్ళయింది, యంత్రాలన్నీ పాత ఇనుము కింద పోయాయి, జిడ్డు మాత్రం ఎక్కడికీ పోలేదు. లారెన్స్ ఊళ్ళో మెరిమాక్ నది పక్కనున్న ఆ ఎర్ర ఇటుకల భవనంలో ఇప్పుడు కంప్యూటర్లు తయారుచేసే కంపెనీ ఉంది. క్లోడెట్ తల్లి ఒరోర్ పంతొమ్మిదేళ్ళు మూడో అంతస్తులో నూలు వడికింది. కిటికీలు లెక్కపెట్టి చూస్తే దాదాపు అదే చోట కూర్చుని కూతురు కంపైలర్ రాస్తోంది.

"నేను నిలబడి చేశాను, నువ్వు కూర్చుని చేస్తున్నావు. తిబోడోలు బాగుపడ్డారు" అనేది ఒరోర్. ఆవిడ మెచ్చుకోలు ఎప్పుడూ కాస్త గిల్లినట్టే ఉండేది.

కూతురు చేసే పనేమిటో ఒరోర్‌కి ఎన్నడూ బోధపడలేదు. చెప్పటానికి అంత కష్టమైనదీ కాదు. మనిషి రాసిన ప్రోగ్రాం యంత్రానికి తెలియదు. యంత్రానికి తెలిసిందల్లా ఇక్కణ్ణుంచి తియ్యి, అక్కడ కలుపు, ఫలానా చోట పెట్టు అనే పొట్టి ఆజ్ఞలు. ఆ రాతని ఈ ఆజ్ఞల్లోకి మార్చే ప్రోగ్రామే కంపైలర్. అందులో ముందు వాక్యాన్ని మాటలుగా తుంచే భాగం ఉంటుంది. తరవాత ఏ మాట దేనికి చెందుతుందో చూసి కొమ్మలూ రెమ్మలుగా పేర్చే భాగం. చివర ఆజ్ఞలు రాసే భాగం. ఈ చివరి రెండింటి నడుమా క్లోడెట్ భాగం ఉంది. దాని పని దండగ పనిని పట్టుకోవటం. వెయ్యిసార్లు తిరిగే లూపులో వెయ్యిసార్లూ ఒకే లెక్క చేస్తుంటే, ఆ లెక్కని బయటికి లాగి ఒక్కసారే చేయించటం. వందమందికి వడ్డించేవాడు ప్రతి గిన్నెకీ వంటింట్లోకి వెళ్ళి గరిటె తెచ్చుకుంటుంటే ఎలా ఉంటుంది? యంత్రం కూడా ఎవరూ అడ్డుపడకపోతే సరిగ్గా అలాగే చేస్తుంది. దాన్ని ఆపి, గరిటె ముందే చేతిలో పెట్టాలి.

క్లోడెట్‌ని ఆ పనిలోకి తెచ్చినవాడు వెండెల్ ప్రాట్. 1968లో బీమా కంపెనీలో కంప్యూటర్ కార్డులకి చిల్లులు కొట్టుకుంటున్న ముప్పై ఏళ్ళ మనిషిని, నన్‌ల దగ్గర లెక్కలు చదువుకుందన్న ఒక్క కారణంతో పిలిచి ఉద్యోగం ఇచ్చాడు. ఆడమనిషికి కంపైలర్ ఏమిటని పైవాళ్ళు గొణిగితే, "ఆమె రాసింది తప్పయితే నన్ను పంపెయ్యండి" అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది. ఆ తరవాత పదకొండేళ్ళూ అందరూ అతన్ని వెండెల్ అనే పిలిచినా, ఆమె మాత్రం ప్రాట్ గారూ అనే పిలిచింది.

అతను గొప్ప గురువు. ఆ మాట కాదనటం ఎవరి తరమూ కాదు, అతని మీద ఎంత కోపమున్నా. మధ్యాహ్నం తిండికి తెచ్చుకున్న ఉడకబెట్టిన గుడ్లు బల్ల మీద పెట్టి, "యంత్రానికి గుడ్లు పట్టే గుంటలు ఎనిమిదే ఉన్నాయి. నీ దగ్గర పదకొండు గుడ్లున్నాయి. ఏవి చేతిలో ఉంచుకుంటావు, ఏవి కింద పెడతావు?" అని అడిగేవాడు. గుడ్లంటే అంకెలు, గుంటలంటే లెక్క చేసేటప్పుడు యంత్రం వాటిని పట్టుకునే చోట్లు. తప్పు చెబితే ఆ గుడ్డు తనే తినేసేవాడు. మొదటి ఏడాది క్లోడెట్ పుణ్యాన అతను బాగా ఒళ్ళు చేశాడని అంతస్తంతా చెప్పుకునేవారు.

అతను పెట్టిన నియమం ఒకటి గోడ మీద ఉండేది. అట్టముక్క మీద నల్ల సిరాతో, 'నీ పని ఆపి చూడు' అని. కంపైలర్‌లో ప్రతి భాగానికీ ఒక స్విచ్ పెట్టించాడు. కొత్తగా ఏది రాసి ప్రోగ్రాం వేగం పెరిగిందని సంబరపడ్డా, ముందు ఆ భాగాన్ని ఆపేసి మళ్ళీ పరుగెత్తించి చూడాలి. ఆపాక వేగం తగ్గితేనే ఆ వేగం నీది. తగ్గకపోతే ఇంకెవరిదో, లేదా గాలివాటం. పోనుపోను అదే అక్కడ పలకరింపయిపోయింది. పక్క బల్ల ఫిన్‌బార్ డోలన్ ఓ సోమవారం పొద్దున, "పెళ్ళయ్యాకే నేను మనిషినయ్యానోయ్" అన్నాడు. నాలుగు బల్లల మీంచి ఒకేసారి వచ్చింది జవాబు.

"ఆపి చూశావా?"

1977లో వెండెల్ ఆ దండగ పని పట్టే భాగాన్ని క్లోడెట్ చేతిలో పెట్టాడు. "ఇది నీదమ్మాయ్. ఇందులో నేను వేలు పెట్టను" అన్నాడు. ఏ ఫైలు ఎవరిదో ఆ ఫైలు మొదట్లో పొడి అక్షరాల్లో ఉండేది. ప్రతి మార్పుకీ తేదీ, ఒక వాక్యం, చేసినవాళ్ళ పొడి అక్షరాలు వెయ్యటం అక్కడి ఆచారం. ఆ ఫైళ్ళన్నిటి మీదా ఇంగ్లీషులో ఆమె పొడి అక్షరాలే వరసగా సి.టి., సి.టి., సి.టి. పెళ్ళీ పెటాకులూ లేని నలభై ఏళ్ళ మనిషికి అంతకంటే సొంతమైనది మరొకటి లేకపోయింది.

1979లో కంపెనీకి గండం వచ్చింది. నదుల వరద ముందుగా లెక్కకట్టే ఒక సర్కారు ఆఫీసు యంత్రాలు కొంటానంది. అమ్మజూపేవాళ్ళందరికీ ఒకే పరీక్ష ప్రోగ్రాం పంపింది. నూట నలభై వరసలు. ఎవరి యంత్రం మీద అది తొందరగా ముగిస్తే వాళ్ళవైపు మొగ్గు. పోటీ కంపెనీది నలభై సెకన్లన్నారు. వీళ్ళది డెబ్బై ఒకటి.

విభాగాన్ని నడిపే రస్ కీటింగ్ మూడో అంతస్తుకి వచ్చి నిలబడ్డాడు. "వినండి. ఈ బేరం పోతే ఇక్కడ కంపైలర్ రాసే పనే ఉండదు. కాలిఫోర్నియా నుంచి రాసిపెట్టింది కొనుక్కుంటారు. పదకొండు మందీ ఇళ్ళకి పోవటమే. నాకు నలభై లోపు కావాలి. ఎలా తెస్తారో మీ ఇష్టం."

క్లోడెట్ కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. పరీక్ష ప్రోగ్రాంలో మూడు లూపులు ఒకదాని కడుపులో ఒకటి ఉన్నాయి. లోపలి లూపులో ఏ లెక్క మారుతుందో, ఏది మారదో కనిపెట్టి, మారనిదాన్ని ఒక్కో గుమ్మం దాటించి బయటికి తెచ్చే పద్ధతి కనిపెట్టింది. కనిపెట్టింది అనే మాట ఊరికే అనటం లేదు, అలాంటిది ఆ అంతస్తులో ఎవరూ అంతకుముందు చెయ్యలేదు. మార్చి ఆఖరుకి డెబ్బై ఒకటి యాభై ఎనిమిదయింది. ఆపి చూసింది, డెబ్బై ఒకటి. మళ్ళీ వేసింది, యాభై ఎనిమిది. అంటే పదమూడు సెకన్లు ఆమెవి. అయినా నలభైకి రావాలంటే ఇంకా పద్దెనిమిది తగ్గాలి.

ఏప్రిల్లో కొనేవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఆ ముందు వారమంతా క్లోడెట్ ఫైళ్ళలో చిన్నాచితకా సవరణలు చేస్తూనే ఉంది, ఏది ఎంత కలిసొస్తుందో తెలియకుండానే. అతిథుల ఎదుట యంత్రం పరుగెత్తింది. టెర్మినల్ మీద ముప్పై ఒకటి అని వచ్చింది.

ఫిన్‌బార్ కుర్చీ ఎక్కి ఈలేశాడు. రస్ ఆమె చెయ్యి పట్టుకుని కొనేవాళ్ళ ముందుకి లాక్కెళ్ళి, "ఈవిడేనండీ. తల్లిగారు ఈ గదిలోనే నూలు వడికారు" అన్నాడు. కంపెనీ పత్రికలో ఫొటో వేశారు. ఒరోర్ దాన్ని కత్తిరించి వంటింట్లో ఐస్‌బాక్సు తలుపుకి అంటించింది. ఇంటికి ఎవరొచ్చినా మాంసం కూరి కాల్చిన రొట్టె వడ్డించే ముందు ఆ తలుపు చూపించేది. క్లోడెట్ సంతోషం పట్టలేకపోయింది. యాభై ఎనిమిది నుంచి ముప్పై ఒకటికి ఎలా దిగిందని ఒకసారి అనుమానం రాకపోలేదు. ఆ సవరణల్లో ఏదో సరిగ్గా తగిలిందనుకుంది. ఆ రోజు కేకు కోస్తున్నారు, మర్నాడు ఫొటో తీస్తున్నారు, ఆ మర్నాడు ఇంకేదో. పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె ఆపి చూడలేదు.

ఆ వేసవిలో, డెన్వర్‌లో జరగబోయే కంపైలర్లు రాసేవాళ్ళ సభకి ఆమె పద్ధతి గురించి వ్యాసం పంపమన్నారు. వ్యాసమంటే పట్టిక ఉండాలి. ఏ భాగం ఎన్ని సెకన్లు తగ్గించిందో వరసగా చూపించాలి. సెప్టెంబరులో ఓ శనివారం పొద్దున, అంతస్తులో ఎవరూ లేనప్పుడు, ఆమె ఒక్కొక్క స్విచ్ ఆపుకుంటూ కూర్చుంది.

తన భాగం ఆపింది. ముప్పై ఒకటి.

చెయ్యి జారి ఉంటుందనుకుని మళ్ళీ ఆపింది. ముప్పై ఒకటి. ఈసారి కంపైలర్‌లో ఉన్న స్విచ్‌లన్నీ ఆపేసింది. పచ్చి కంపైలర్, ఏ నగిషీ లేనిది. అయినా ముప్పై ఒకటే. గడియారం చెడిందేమోనని చేతి గడియారం పెట్టి చూసింది. చెడలేదు. అప్పుడు స్విచ్‌లన్నీ మళ్ళీ వేసి, పరీక్ష ప్రోగ్రాంలో ఏ పనీ చెయ్యని ఉత్త వరస ఒకటి చేర్చింది. యాభై ఎనిమిది. ఆ వరస తీసేసింది. ముప్పై ఒకటి.

కంపైలర్ రాసిన ఆజ్ఞల్ని కాగితాల మీద అచ్చుకొట్టించి చదివింది. అవి కంపైలర్ రాసినవి కావు, మనిషి చేత్తో రాసినవి. ఏ మనిషో రెండో కాగితానికే తెలిసిపోయింది. గుంట ఖాళీ చెయ్యాలంటే సున్నా పెట్టకుండా దాన్ని దాన్నుంచే తీసివేసే అలవాటు, ఎప్పుడూ అయిదో గుంటతో మొదలుపెట్టే అలవాటు. దస్తూరీ తెలిసినంతగా తెలుసు ఆమెకి. ఆ గుడ్ల లెక్క నేర్చుకున్నది అతని దగ్గరే.

ఎక్కడ దాచాడో గంటలో దొరికింది. ప్రోగ్రాం వరసలన్నీ కలిపి ఒక అంకె కడుతోంది. ఆ అంకె ఆ పరీక్ష ప్రోగ్రాందయితే కంపైలర్ పనంతా పక్కన పెట్టి, ముందే రాసిపెట్టిన ఆజ్ఞల్ని తీసి ఇస్తోంది. ఇంకే ప్రోగ్రాంకీ అది పనికిరాదు. దాన్ని దాచింది క్లోడెట్ ఫైల్లో. పైన చిట్టాలో ఏప్రిల్ తేదీ, 'లూపు సవరణ' అనే మాట, పక్కన పొడి అక్షరాలు సి.టి.

సోమవారం మధ్యాహ్నం భవనం పక్క కాలవ గట్టు మీద వెండెల్ బల్ల వేసుకుని గుడ్డు ఒలుస్తుంటే వెళ్ళి ఎదురుగా కూర్చుంది. అచ్చుకొట్టించిన కాగితాలు అతని ముందు పెట్టింది.

"ఇది నువ్వు రాశావు, వెండెల్."

పదకొండేళ్ళలో ఆ పేరు ఆ నోటినుంచి రావటం అదే మొదలు. అతను గుడ్డు కింద పెట్టాడు.

"ఇన్నాళ్ళకి ఆపి చూశావన్నమాట" అన్నాడు.

"అదా నువ్వు అనాల్సిన మాట?"

"నేను చెప్పేది విను. పదకొండు ఇళ్ళు మునిగిపోతున్నాయి. నీ యాభై ఎనిమిది మంచి పనే. ఎవరూ కాదనరు. కానీ అది చాల్లేదు కదా. కొనేవాళ్ళు చూసేది ఆ ఒక్క అంకే."

"నా ఫైల్లో ఎందుకు పెట్టావు? నా అక్షరాలు ఎందుకు వేశావు?"

"నీ ఫైల్లో డబ్ల్యు.పి. కనిపిస్తే ఎవడో ఒకడు అడుగుతాడు. వేలు పెట్టనని అందరి ముందూ చెప్పినవాణ్ణి." అతను కాలవ వైపు చూశాడు. "ఆ సాయంత్రమే నువ్వు ఆపి చూస్తావనుకున్నాను. వచ్చి నన్ను తిడతావనుకున్నాను. ఏం చెప్పాలో కూడా తయారు చేసుకున్నాను. నువ్వు రాలేదు. కేకు తిన్నావు. ఫొటోకి నిలబడ్డావు. అప్పుడనుకున్నాను, ఈ అమ్మాయి తెలిసే ఊరుకుందని."

"నాకు తెలిసి ఊరుకున్నానని... నువ్వు నన్నలా అనుకున్నావా?"

"పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఆపి చూడకుండా ఉన్నావా నువ్వు? ఇంకేమనుకోమంటావు?"

ఆ మాటే ఆమెని ఎక్కువగా కోసింది. అయిదు నెలలపాటు ఎదురు బల్ల దగ్గర కూర్చుని, నవ్వుతూ పలకరిస్తూ, ఈ మనిషి తనని దొంగతనంలో పొత్తుదారు కింద జమకట్టుకున్నాడు. ఆమె మాత్రం ప్రాట్ గారు నా పని చూసి మురిసిపోతున్నారనుకుంది.

ఆ సాయంత్రమే దాన్ని పెరికి పారేసింది. చిట్టాలో తేదీ వేసి, 'పరీక్ష ప్రోగ్రాంని గుర్తుపట్టే మోసం తీసేశాను. అసలు వేగం 58' అని రాసి, సి.టి. అని వేసింది.

ప్రతి వారం పరీక్ష నడిపించటం రివాజు గనక, తరవాతి సోమవారానికల్లా రస్‌కి తెలిసింది. అందర్నీ గదిలో కూర్చోబెట్టి చిట్టా కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"యంత్రాలు నవంబరులో వెళ్తున్నాయి. అక్కడ దించాక వాళ్ళు మళ్ళీ ఇదే పరీక్ష పెడతారు. క్లోడెట్, అది మళ్ళీ పెట్టెయ్. నేనేమీ చదవలేదు, నువ్వేమీ రాయలేదు."

"పెట్టను. అది వాళ్ళ నది లెక్కని ఒక్క సెకను కూడా తగ్గించదు. ఆ పరీక్షకి తప్ప దేనికీ పనికిరాదు."

"ఏప్రిల్లో పనికొచ్చిందిగా?"

"ఏప్రిల్లో అది ఉందని నాకు తెలియదు."

రస్ కాగితం తిప్పి ఆమె ముందుకి తోశాడు. "పెట్టింది సి.టి. తీసింది సి.టి. మధ్యలో సంబరాలు చేసుకున్నది సి.టి. ఇంకో సి.టి. ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

క్లోడెట్ వెండెల్ వైపు చూసింది. గదిలో ఉన్నవాళ్ళందరికీ ఆమె ఎవరి వైపు చూస్తోందో తెలుసు, ఎందుకో కూడా సగంమందికి అప్పటికే అర్థమైంది. అయిదో గుంటతో మొదలుపెట్టేవాడు ఎవరో ఫిన్‌బార్‌కి తెలియదా? తెలుసు. ఫిన్‌బార్ బూటు తాడు కట్టుకోవటానికి వంగాడు. వెండెల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ మీది అట్టముక్క వంక చూస్తూ కూర్చున్నాడు. 'ఆమె రాసింది తప్పయితే నన్ను పంపెయ్యండి' అన్న మనిషి, ఆమె రాయనిది ఆమె నెత్తిన పడుతుంటే కుక్కిన పేనులా ఉండిపోయాడు.

"చెప్పు, వెండెల్" అంది ఆమె.

"ఫైలు ఆమెది" అన్నాడు వెండెల్. "నేను అందులో వేలు పెట్టనని మొదట్లోనే చెప్పాను."

అబద్ధం ఆడలేదట! ప్రతి మాటా నిజమే. నమ్మిన మనిషి గొంతు కొయ్యటానికి అంతకంటే శుభ్రమైన కత్తి ఉండదు.

మళ్ళీ పెట్టటమో, రాజీనామా రాయటమో తేల్చుకోమన్నాడు రస్. ఆమె ఆ గదిలోనే కాగితం అడిగి రాసిచ్చింది. బల్ల ఖాళీ చేస్తుంటే పక్కన ఎవరూ నిలబడలేదు. మెట్ల దగ్గర ఫిన్‌బార్ ఎదురుపడి, "నాకు నలుగురు పిల్లలు, క్లోడెట్" అన్నాడు. ఆమె పక్కకి తప్పుకుని మెట్లు దిగింది.

మోసాన్ని మళ్ళీ ఎవరో పెట్టారు. యంత్రాలు వెళ్ళాయి, ముప్పై ఒకటి చూపించాయి, సంతకాలయ్యాయి. తరవాత నది ఆఫీసువాళ్ళు లెక్కలు అనుకున్నంత వేగంగా రావటం లేదని ఫిర్యాదు చేస్తే, పాత ఉద్యోగిని ఒకావిడ రాసిన భాగంలో లోపం ఉందని కంపెనీ జవాబు రాసింది. క్లోడెట్ ఊళ్ళోని రెండేళ్ళ చదువుల కాలేజీలో ప్రోగ్రాంలు రాయటం నేర్పే పనిలో చేరింది. ఒరోర్ ఐస్‌బాక్సు మీది ఫొటో తియ్యలేదు. కూతురు తియ్యబోతే చేతిమీద ఒక్కటేసింది.

మరుసటి వసంతంలో డెన్వర్ సభ వ్యాసాల పుస్తకం కాలేజీ లైబ్రరీకి వచ్చింది. క్లోడెట్ ఇంటికి తెచ్చుకుని వంటింటి బల్ల మీద తెరిచింది. మారని లెక్కని గుమ్మం గుమ్మం దాటించి బయటికి తెచ్చే పద్ధతి అందులో ఉంది. ఆమె గీసిన మూడు లూపుల బొమ్మ ఉంది. ఆమె ఆ శనివారం మొదలుపెట్టి మూడో అంతస్తులోనే వదిలేసి వచ్చిన పట్టిక ఉంది, ఆపితే డెబ్బై ఒకటి, వేస్తే యాభై ఎనిమిది, తేడా పదమూడు. ముప్పై ఒకటి ఊసే లేదు. పైన పేరు ఒకటే, వెండెల్ ప్రాట్. చివర కృతజ్ఞతల్లో, అంకెలు సరిచూసినందుకు సి. తిబోడోకి అని ఒక వరస.

తన అబద్ధానికి ఆమె పేరు పెట్టినవాడు, ఆమె నిజానికి తన పేరు పెట్టుకున్నాడు. ఆమె ఒక చెయ్యి ఆ పేజీ మీద పెట్టి, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంది. పొయ్యి దగ్గర చిక్కుళ్ళ కుండ కలుపుతున్న ఒరోర్ వెనక్కి తిరిగి చూసింది.

"ఏమిటే అది? ఎవరు రాశారు?"

"నేను, అమ్మా."

"మరి ఆ ఏడుపెందుకు?"

"పైన ప్రాట్ గారి పేరుంది."

ఒరోర్ గరిటె కుండలో వదిలేసి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఫ్రెంచి మాట్లాడే ఆవిడకి ఇంగ్లీషు చదవటం అంతగా రాదు. కూతురు చెయ్యి ఉన్న చోటే చూసింది.

"ఆయనేగా నీకు ఇదంతా నేర్పింది?"

"ఆయనే" అంది క్లోడెట్. "నేర్పినవాడు కాకపోతే ఇంత ఏడుపు వచ్చేది కాదు."